కాంక్రీటు గదికి తగిన స్టీరియో రిసీవర్: రూమ్ కరెక్షన్, బాస్ మేనేజ్‌మెంట్ చూసి ఎంచుకునే పద్ధతి

స్టీరియో రిసీవర్, అంటే రెండు స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్ పెట్టె, కొనాలనుకున్నవారు దుకాణంలో మొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎన్ని వాట్లు? విజయవాడ, గుంటూరు ఇళ్ళలో పెట్టుకునే యంత్రానికి మాత్రం అంతకంటే ముందుగా తేల్చుకోవలసిన విషయాలు రెండున్నాయి. గది వల్ల ధ్వనిలో వచ్చే హెచ్చుతగ్గులను మైకుతో కొలిచి సరిదిద్దే రూమ్ కరెక్షన్ ఆ రిసీవర్‌లో ఉందా అన్నది మొదటిది. మంద్ర ధ్వనులను (బాస్‌ను) స్పీకర్ల నుంచి తప్పించి, వాటిని మాత్రమే పలికే సబ్‌వూఫర్ అనే స్పీకర్‌కు అప్పగించే బాస్ మేనేజ్‌మెంట్ అందులో పూర్తిగా ఉందా, పేరుకు మాత్రమే ఉందా అన్నది రెండోది. ఈ రెండూ సక్రమంగా ఉన్న అరవై వాట్ల రిసీవర్, ఇవి లేని నూటయాభై వాట్ల రిసీవర్ కంటే మన గదుల్లో చాలా బాగా పలుకుతుందని నేను నమ్మకంగా చెబుతాను.

కారణం మన కట్టడాల్లోనే ఉంది. ఇంటర్నెట్‌లో మనం చదివే సమీక్షల్లో చాలా వరకు అమెరికా ఇళ్ళలో, చెక్క చట్రానికి జిప్సం పలకలు బిగించిన గోడల మధ్య విని రాసినవి. అలాంటి గోడ మంద్ర ధ్వనికి కొద్దిగా అదురుతుంది. ఆ అదురులో కొంత శక్తి ఖర్చయిపోతుంది, మరికొంత గోడ దాటి బయటికి వెళ్ళిపోతుంది. ఇటుక గోడలు, పైన స్లాబు, కింద టైల్స్ లేదా గ్రానైట్ ఉన్న మన హాలులో ఆ వెసులుబాటు లేదు. వచ్చిన మంద్ర ధ్వనిని గోడలు దాదాపు వచ్చినంతా వెనక్కి పంపుతాయి కాబట్టి, కొన్ని స్వరాలు పోగుపడి గుమ్మని మోగుతాయి, మరికొన్ని కొన్ని చోట్ల పూర్తిగా మాయమవుతాయి. సమీక్షలో "బాస్ బిగువుగా ఉంది" అని మెప్పు పొందిన స్పీకర్ పటమటలోని ఫ్లాటుకు వచ్చేసరికి మోతగా వినిపించడంలో స్పీకర్ తప్పేమీ లేదు.

ముందు గదిని లెక్క కట్టండి

ఏ స్వరాలు పోగుపడతాయో రిసీవర్ కొనకముందే తెలుసుకోవచ్చు. 30 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు సుమారు 349 మీటర్లు, అంటే దాదాపు 1,145 అడుగులు ప్రయాణిస్తుంది. అందులో సగం 572. ఈ సంఖ్యను అడుగుల్లో గది పొడవుతో ఒకసారి, వెడల్పుతో ఒకసారి, ఎత్తుతో ఒకసారి భాగిస్తే, ఆ గది ఏ తక్కువ పౌనఃపున్యాల దగ్గర తనంతట తాను మోగుతుందో హెర్ట్జ్‌లలో వస్తుంది. 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న హాలుకు అవి సుమారు 41, 48, 57 హెర్ట్జ్. వాటి రెట్టింపులైన 82, 95, 114 హెర్ట్జ్ దగ్గర కూడా ఇదే జరుగుతుంది. బాస్ గిటార్‌లోని అతి మంద్ర తీగ 41 హెర్ట్జ్ దగ్గరే పలుకుతుంది. గంభీరమైన మగ గొంతు అడుగు భాగం 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. సినిమా పాటలోని డ్రమ్ముల దగ్గర నుంచి వార్తలు చదివే గొంతు దాకా ఈ గది తన వాటా తాను కలుపుతూనే ఉంటుందన్నమాట.

బ్రాడీపేటలో మా పిన్ని వాళ్ళ హాలు సరిగ్గా ఈ కొలతలదే. పాట పెట్టగానే సోఫాలో కూర్చున్న బాబాయి "బాస్ ఇంకొంచెం పెంచరా" అంటారు, పక్క గోడకు ఆనుకుని ఉన్న దివాన్ మీద నుంచి పిన్ని "తగ్గించరా, తలుపులు అదురుతున్నాయి" అంటుంది. ఫోనులో టోన్ జనరేటర్ యాప్‌తో 48 హెర్ట్జ్ స్వరాన్ని మితమైన శబ్దంతో స్పీకర్లలో పెట్టి, ఒక గోడ నుంచి ఎదుటి గోడ దాకా మెల్లగా నడిస్తే సంగతి తేటతెల్లమైంది. గోడ దగ్గర చెవులు నిండిపోయేంత మోత. వెడల్పుకు సరిగ్గా మధ్యలో, అంటే బాబాయి తల ఉండే చోట, ఆ స్వరం ఉందా లేదా అన్నంత పలచన. ఇద్దరూ చెప్పింది నిజమే. కొనే ముందు ఈ పరీక్ష మీ ఇంట్లో తప్పక చేయండి. సోఫాను రెండడుగులు జరపడం వల్ల వచ్చే మేలు ఏ రిసీవరూ ఇవ్వలేదు, పైగా దానికి ఖర్చు లేదు.

రూమ్ కరెక్షన్ ఏం చేయగలదు, ఏం చేయలేదు

మైకు ద్వారా రిసీవర్ గదిని విని, ఎక్కడ స్వరం ఉబ్బిందో కనిపెట్టి, ఆ ఉబ్బును అంతే మేరకు తగ్గిస్తుంది. మంద్ర ధ్వనుల్లో ఈ పని అద్భుతంగా సాగుతుంది. ఉబ్బు తగ్గడంతో పాటు స్వరం ఆగిన తర్వాత కూడా గదిలో మిగిలే గుంయిమనే సాగుదల కూడా తగ్గుతుంది. స్వరం పలచబడిన గుంటలను పూడ్చడం మాత్రం వేరే విషయం. రెండు ప్రతిధ్వనులు ఒకదాన్నొకటి చెరిపేసుకున్న చోట ఎంత శక్తి పోసినా చెరిగిపోతూనే ఉంటుంది. ఒక స్వరాన్ని 6 డెసిబెల్స్ పెంచాలంటే నాలుగు రెట్లు, 10 డెసిబెల్స్ పెంచాలంటే పది రెట్లు విద్యుత్ శక్తి కావాలి. గుంటలో పోసిన ఆ శక్తి ఆంప్లిఫయర్‌కు, స్పీకర్‌లో కదిలి ధ్వని పుట్టించే కోనుకు భారమే తప్ప చెవికి అందదు. గుంటకు మందు స్పీకర్‌నో, సబ్‌వూఫర్‌నో, కూర్చునే చోటునో మార్చడమే.

అలాగే, టైల్స్ నేల మీద చప్పట్లు కొడితే వినిపించే గలగల ప్రతిధ్వనిని కూడా రూమ్ కరెక్షన్ తీయలేదు. దానికి స్పీకర్లకూ మీకూ మధ్య మందమైన జంబుఖానా, కిటికీలకు బరువైన పరదాలు, పుస్తకాలు నిండిన అలమర కావాలి. గుంటూరు ప్రాంతంలో దూది పరుపులు కుట్టించుకోవడం మామూలే కాబట్టి, వాడకంలో లేని పరుపు ఒకటి ఉంటే దాన్ని వెనక గోడకు నిలబెట్టి విని చూడండి. మధ్యస్థాయి ధ్వనులకు అది బాగా పనిచేస్తుంది. గదికి ఈ మాత్రం చేసిన తర్వాతే కరెక్షన్ మాట.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి గట్టిగా చెప్పాలి. మన గదుల్లో సుమారు 300 హెర్ట్జ్ కింద కరెక్షన్ పూర్తిగా పనిచేయనివ్వాలి, దానిపైన స్పీకర్ సహజ స్వరాన్ని అలాగే వదిలేయాలి. ఆ పైన మైకుకు వినిపించేదీ రెండు చెవులున్న మనిషికి వినిపించేదీ ఒకటి కాదు; మంచి స్పీకర్‌ను మొత్తం సరిదిద్దబోతే గొంతుల్లో జీవం తగ్గుతుంది. అందువల్ల, కరెక్షన్ ఎక్కడి వరకు పనిచేయాలో మనం నిర్ణయించే వీలు ఉందా అన్నది కొనేటప్పుడు తప్పక చూడవలసిన అంశం. డిరాక్ లైవ్ అనే రూమ్ కరెక్షన్ సాఫ్ట్‌వేర్‌లో ఈ హద్దును తెర మీద జరిపి పెట్టవచ్చు. ఆడిసీ అనే మరో రూమ్ కరెక్షన్ ఉన్న డెనాన్, మరాంట్జ్ ఏవీ రిసీవర్లలో (సినిమా కోసం ఎక్కువ స్పీకర్లు నడిపేవి) చాలా వాటికి ప్రత్యేకంగా అమ్మే మల్ట్‌ఈక్యూ ఎడిటర్ యాప్ ద్వారా ఇదే సాధ్యమవుతుంది.

సబ్ అవుట్ ఉంటే బాస్ మేనేజ్‌మెంట్ ఉన్నట్టు కాదు

ఎక్కువ మంది మోసపోయే చోటు ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. బీసెంట్ రోడ్డులోనో మరెక్కడైనానో దుకాణంలో నిలబడి "బాస్ మేనేజ్‌మెంట్ ఉందాండీ?" అని అడిగితే, రిసీవర్‌ను వెనక్కి తిప్పి "ఇదిగోండి సబ్ అవుట్, సబ్ పెట్టుకోవచ్చు" అని చూపిస్తారు. ఆ రంధ్రం ఉండడం సగం పని మాత్రమే. చాలా స్టీరియో రిసీవర్లలో ఆ సాకెట్ మంద్ర ధ్వనుల నకలు ఒకటి సబ్‌వూఫర్‌కు పంపుతుంది, అసలు స్పీకర్లకు మాత్రం మొత్తం ధ్వనిని యథాతథంగా పంపుతూనే ఉంటుంది. అప్పుడు చిన్న స్పీకరూ సబ్బూ ఒకే స్వరాన్ని వేర్వేరు మూలల నుంచి పలుకుతూ, కొన్ని చోట్ల కలుస్తూ, కొన్ని చోట్ల చెరుపుకుంటూ గందరగోళం చేస్తాయి.

నిజమైన బాస్ మేనేజ్‌మెంట్ రెండు పనులు చేస్తుంది: ఒక హద్దు కింద ఉన్నదాన్ని సబ్‌వూఫర్‌కు పంపడమే కాక, అదే హద్దు కింద ఉన్నదాన్ని స్పీకర్లకు అందకుండా ఆపుతుంది. ఈ రెండో పనిని హైపాస్ అంటారు. దాని లాభం స్పీకర్ కోను కదలికలో స్పష్టంగా కనిపిస్తుంది. అదే శబ్దంతో పలకాలంటే, పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ కోను నాలుగు రెట్లు ఎక్కువ దూరం ముందుకూ వెనక్కూ కదలాలి. 80 హెర్ట్జ్ దగ్గర హాయిగా పలికే అయిదంగుళాల వూఫర్ (స్పీకర్‌లో మంద్ర ధ్వనులు పలికే భాగం) 40 హెర్ట్జ్ కోసం నాలుగింతలు ఊగుతూ, అదే సమయంలో గాయని గొంతును కూడా పలకాలి. ఆ ఊగులాటలో గొంతు మసకబారుతుంది. హైపాస్ పెట్టగానే ఆ భారం దిగిపోతుంది, ఆంప్లిఫయర్‌కూ ఊపిరి ఆడుతుంది. వాట్ల సంఖ్య కంటే ఇది ముఖ్యమని నేను అనడానికి కారణం ఇదే.

కాబట్టి దుకాణంలో అడగవలసిన ప్రశ్న "సబ్ పెట్టినప్పుడు మెయిన్ స్పీకర్లకు బాస్ కట్ అవుతుందాండీ?" అన్నది. సమాధానం కచ్చితంగా రాకపోతే వాదించకుండా, తయారీ సంస్థ వెబ్‌సైటు నుంచి మాన్యువల్ దించుకుని స్పీకర్ సెటప్ పేజీ తెరవండి. అక్కడ స్పీకర్ సైజుకు లార్జ్, స్మాల్ అనే ఎంపికలు, వాటి పక్కన 40, 60, 80, 100 వంటి క్రాసోవర్ అంకెలు (పైన చెప్పిన హద్దు, హెర్ట్జ్‌లలో) ఉంటే హైపాస్ ఉన్నట్టే. సబ్‌వూఫర్ ఆన్, ఆఫ్ అన్న మాట తప్ప మరేమీ లేకపోతే, లేదా సబ్‌కు మాత్రమే కట్ ఆఫ్ అంకె ఇచ్చి స్పీకర్ల ఊసెత్తకపోతే, లేదని అర్థం చేసుకోవాలి.

ఏ యంత్రంలో ఏముంది

రెండు చానెళ్ళ యంత్రాల్లో ఈ రెండు గుణాలూ కలిసి దొరకడం ఇప్పటికీ అరుదే. మరాంట్జ్ ఎన్‌ఆర్1200, దాని తర్వాత వచ్చిన స్టీరియో 70ఎస్, డెనాన్ డీఆర్ఏ-800హెచ్ హెచ్‌డీఎంఐ ఉన్న స్టీరియో రిసీవర్లు. వీటిలో క్రాసోవర్‌తో కూడిన బాస్ మేనేజ్‌మెంట్ ఉంది, మైకుతో కొలిచే ఆడిసీ లేదు. అవే సంస్థల ఏవీ రిసీవర్లలో ఆడిసీ ఉంటుంది కాబట్టి వీటిలోనూ ఉంటుందని అనుకుని కొనకూడదు. యమహా ఆర్-ఎన్803లో వైపావో అనే రూమ్ కరెక్షన్ ఉంది. దానిలాంటి యంత్రాలకు కూడా పైన చెప్పిన మాన్యువల్ పరీక్ష విడిగా చేయాలి, ఎందుకంటే కరెక్షన్ ఉన్నంత మాత్రాన హైపాస్ ఉండి తీరాలని లేదు. రెండూ ఉన్నవాటిలో డిరాక్‌తో వచ్చే ఎన్‌ఏడీ ఎం10, ఏఆర్‌సీ అనే సొంత రూమ్ కరెక్షన్ ఉన్న యాంథమ్ ఎస్‌టీఆర్ ఇంటిగ్రేటెడ్, రూమ్‌పర్ఫెక్ట్ అనే కరెక్షన్ ఉన్న లింగ్‌డార్ఫ్ టీడీఏఐ-1120 చెప్పుకోదగ్గవి, కాకపోతే ఖరీదైనవి. తక్కువ ధరలో వీమ్ ఆంప్ ఉంది. చిన్న పెట్టెలాంటి ఈ యంత్రంలో 8 ఓమ్‌ల స్పీకర్లకు 60 వాట్లు, సబ్ అవుట్, క్రాసోవర్, యాప్‌లో రూమ్ కరెక్షన్ ఉన్నాయి. అది ఫోను మైకుతో కొలుస్తుంది. ఫోను మైకులు ఒక్కో మోడల్‌లో ఒక్కో తీరుగా ఉంటాయి కాబట్టి, పైస్థాయి ధ్వనుల జోలికి వెళ్ళకుండా బాస్ వరకే దాన్ని వాడుకోవడం మేలు.

ఇవేవీ కుదరకపోతే, నేను చాలా మందికి చెప్పే దారి ఒకటుంది: ఆడిసీ మల్ట్‌ఈక్యూ ఎక్స్‌టీ ఉన్న మధ్యతరహా ఏవీ రిసీవర్ కొని, రెండు స్పీకర్లూ ఒక సబ్‌వూఫర్ మాత్రమే తగిలించుకోవడం. వాడని చానెళ్ళు వృథా అనిపించవచ్చు, కానీ కరెక్షన్, హైపాస్, టీవీ ధ్వనిని రిసీవర్‌కు తెచ్చే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (యాంథమ్ కరెక్షన్‌కూ దీనికీ పేరు ఒకటే, సంబంధం లేదు) అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి, మన ఊళ్ళ దుకాణాల్లో స్టీరియో రిసీవర్ల కంటే ఇవే తేలికగా దొరుకుతాయి. ఇప్పటికే మంచి ఆంప్లిఫయర్ ఉన్నవారు దాని వెనక ప్రీ అవుట్, మెయిన్ ఇన్ అనే సాకెట్లు విడివిడిగా ఉన్నాయేమో చూసుకోవాలి. ఉంటే ఆ రెంటి మధ్య ధ్వనిని విడదీసి సరిదిద్దే మినీడీఎస్‌పీ 2ఎక్స్4 హెచ్‌డీ వంటి చిన్న యంత్రాన్ని పెట్టి, యూమిక్-1 మైకుతో, ఉచితంగా దొరికే ఆర్‌ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్‌తో కొలిచి, హైపాస్, కరెక్షన్ రెండూ సొంతంగా అమర్చుకోవచ్చు. నేర్చుకునే ఓపిక ఉన్నవారికి ఇంతకంటే మంచి మార్గం లేదు.

వాట్ల విషయం ఇక క్లుప్తంగా. 8 ఓమ్‌ల దగ్గర, 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు, రెండు చానెళ్ళూ ఒకేసారి నడుస్తుండగా ఇచ్చిన అంకెను మాత్రమే లెక్కలోకి తీసుకోండి. 6 ఓమ్‌లు, ఒక్క చానెల్, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్ (ధ్వని చెడిపోవడం) అన్న షరతులతో రాసిన పెద్ద అంకెను పట్టించుకోనక్కర్లేదు.

అమెరికా నుంచి బంధువుల చేత తెప్పించుకునేవారు వెనక పలక మీద 120 వోల్ట్‌లు అని ఉందేమో ముందే ఫొటో తెప్పించుకుని చూడాలి. మన 230 వోల్ట్‌లకు అది నేరుగా పనికిరాదు, భారతదేశంలో వారంటీ కూడా సాధారణంగా వర్తించదు. ఇక్కడ కొనేవారు రిపేరు విజయవాడలోనే చేస్తారా, హైదరాబాద్ పంపాలా అని అడిగి తెలుసుకోవాలి. వేసవిలో 45 డిగ్రీలు తాకే ఊళ్ళు మనవి కాబట్టి, అద్దాల తలుపులున్న షోకేసులో రిసీవర్‌ను బిగించి పెట్టడం దాని ఆయుష్షు తగ్గించుకోవడమే. పైన, పక్కల మాన్యువల్ చెప్పినంత ఖాళీ వదలండి, దాని నెత్తిన సెట్ టాప్ బాక్సు పెట్టకండి.

ఇంటికి తెచ్చాక కొలిచే తీరు

మంచి యంత్రం కొని కొలతలు అజాగ్రత్తగా తీస్తే కొన్న డబ్బు వృథా. ఫ్యాను, ఏసీ కట్టేయండి. తిరిగే ఫ్యాను గాలి మైకు మీద పడితే మంద్ర స్వరాల కొలత చెడిపోతుంది. బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు పక్కన ఉండేవారికి తెల్లవారుజామున తప్ప నిశ్శబ్దం దొరకదు, ఆ పని అప్పుడే పెట్టుకోవాలి. మైకును సోఫా వీపు మీద పెట్టకుండా, ట్రైపాడ్‌కు బిగించి, కూర్చున్నప్పుడు చెవులుండే ఎత్తులో నిలపాలి. మొదటి కొలత మీరు కూర్చునే అసలు చోటులోనే తీయాలి, ఎందుకంటే దూరాలు, స్థాయిలు ఆ కొలతను బట్టే లెక్క కడతారు. మిగిలినవి దాని చుట్టూ అడుగు, రెండడుగుల లోపు ఉంటే చాలు. గదంతా తిరిగి కొలిస్తే ఎవరికీ సరిపోని సగటు వస్తుంది.

సబ్‌వూఫర్ వెనక ఉన్న సొంత క్రాసోవర్ మరను పూర్తిగా పైకి తిప్పండి, లేదా ఎల్‌ఎఫ్‌ఈ అన్న చోట, అంటే సబ్ సొంత కోత పనిచేయని స్థితిలో, పెట్టండి. ఆ పని రిసీవర్ చేస్తుంది. రెండు చోట్లా కోత పడితే మధ్యలో గుంట ఏర్పడుతుంది. కొలత ముగిశాక రిసీవర్ చూపించే సబ్‌వూఫర్ దూరం మీ టేపు కొలత కంటే ఎక్కువగా ఉంటే కంగారుపడి సరిచేయకండి. సబ్‌లోని ఎలక్ట్రానిక్స్ వల్ల ధ్వని ఆలస్యంగా రావడాన్ని కూడా అది దూరంగానే లెక్క కడుతుంది.

స్పీకర్లను లార్జ్ అని రిసీవర్ తేల్చినా, సబ్ ఉన్నప్పుడు హైపాస్ పనిచేసేలా స్మాల్‌కు మార్చండి. క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. నాలుగు, అయిదంగుళాల వూఫర్ ఉన్న చిన్న స్పీకర్లకు 100 వరకు వెళ్ళవచ్చు. 120 దాటితే మగ గొంతు అడుగు భాగం సబ్ ఉన్న మూల నుంచి రావడం చెవికి తెలిసిపోతుంది. ఒకే బాస్‌ను సబ్‌కూ స్పీకర్లకూ పంపే ఎల్‌ఎఫ్‌ఈ ప్లస్ మెయిన్ అనే ఎంపికను ముట్టుకోవద్దు, అది పైన చెప్పిన గందరగోళాన్నే తిరిగి తెస్తుంది. ప్యూర్ డైరెక్ట్ బటన్ నొక్కితే చాలా యంత్రాల్లో కరెక్షన్ ఆగిపోతుంది, కొన్నింటిలో బాస్ మేనేజ్‌మెంట్ కూడా ఆగిపోతుంది; పేరు చూసి అదే శుద్ధమైన ధ్వని అనుకోకండి.

కరెక్షన్ తర్వాత మొదటిసారి వింటే బాస్ తగ్గిపోయినట్టు అనిపించడం సహజం, ఎందుకంటే గది చేసిన ఉబ్బుకు చెవి అలవాటు పడి ఉంటుంది. కొన్నాళ్ళు విన్నాక కూడా పలచగానే ఉంటే, టార్గెట్ కర్వ్‌లో, అంటే కరెక్షన్ చేరుకోవాలని చూసే స్పందన గీతలో, మంద్ర భాగాన్ని 4 నుంచి 6 డెసిబెల్స్ పెంచుకోండి. నేరుగా గీత గీసినట్టున్న స్పందన గదిలో చాలా మందికి పొడిగా అనిపిస్తుంది. పరీక్షకు మృదంగం స్పష్టంగా ఉన్న కచేరీ రికార్డింగు ఒకటి, డోలు సన్నాయి ఉన్నది ఒకటి, మగ గొంతు వార్తలు ఒకటి పెట్టుకోండి. మృదంగం ఎడమ మూత మీద పడిన ప్రతి దెబ్బా విడిగా, దేని బరువు దానికి వినిపించాలి. ఒక దెబ్బ మీదికి మరొకటి పొర్లితే ఇంకా ఉబ్బు మిగిలి ఉన్నట్టు.

చివరగా ఫేజ్, అంటే సబ్బూ స్పీకర్లూ ఒకే లయలో కదులుతున్నాయా అన్నది, చూడాలి. క్రాసోవర్ ఎక్కడ పెట్టారో అదే స్వరాన్ని, అంటే 80 అయితే 80 హెర్ట్జ్‌నే మోగించి, మీరు కూర్చునే చోట వింటూ సబ్‌వూఫర్ వెనక ఉన్న ఫేజ్ స్విచ్‌ను 0 నుంచి 180కి మరొకరి చేత మార్పించండి. ఏ స్థితిలో స్వరం గట్టిగా వినిపిస్తే దాన్నే ఉంచండి. ఆ తర్వాత స్పీకర్ దూరాలు, స్థాయిలు, క్రాసోవర్ అంకెలు ఒక కాగితం మీద రాసి రిసీవర్ మాన్యువల్‌లో పెట్టుకోండి. ఫ్యాక్టరీ రీసెట్ చేయవలసి వస్తే కొలతలన్నీ చెరిగిపోతాయి, సోఫా జరిపినా, కొత్త అలమర వచ్చినా మళ్ళీ కొలిచి పాత అంకెలతో పోల్చుకోవలసి ఉంటుంది.